ఆటిజం – ఉద్యోగం – మన పల్లెలు

"ఉద్యోగం పురుషలక్షణం" అన్నారు పెద్దలు. ఆడపిల్లలు కూడా మగపిల్లలతో సమానంగా దరఖాస్తులు నింపుతున్న ఈ రోజుల్లో దానిని "ఉద్యోగం మనిషి లక్షణం" అని దిద్దుకోవటం మంచిది. క్యాంటీనులో గానీ, హాస్టలు మెట్ల మీద గానీ మన విద్యార్థులు నలుగురు కూడితే వచ్చే మాట ఇదే గదా! గ్రూప్స్ నోటిఫికేషన్ ఎప్పుడు, డి.ఎస్.సి.లో పోస్టులెన్ని, కోచింగుకు హైదరాబాదు పోదామా, దిల్‌సుఖ్‌నగర్‌లో గది అద్దె ఎంత – ఇవే మన పురాణ కాలక్షేపం.

ఈ ముచ్చట్లలోకి ఎన్నడూ రాని యువకులు కొందరున్నారు. వాళ్ళకూ ఇరవై, ఇరవై అయిదేళ్ళు. వాళ్ళకూ తల్లిదండ్రులున్నారు, ఆ తల్లిదండ్రులకూ రేపటి దిగులున్నది. నిరుద్యోగుల లెక్కల్లో మాత్రం వాళ్ళు కనబడరు. ఎందుకంటే వాళ్ళు ఉద్యోగం చేస్తారని ఎవరూ అనుకోలేదు గనుక! ఆటిజం ఉన్న యువతీయువకుల సంగతి నేను చెప్పేది. వారిలో కొందరికి పని ఎందుకు దొరుకుతుంది, ఎక్కువ మందికి ఎందుకు దొరకదు అన్నదే ఈ వ్యాసంలో విషయం.

ముందుగా రెండు ముక్కల్లో ఆటిజం అంటే ఏమిటో చెప్పుకుందాం. ఇది అంటురోగం కాదు, పిచ్చి కాదు, తల్లి పెంపకంలో లోపం అసలే కాదు. మెదడు ఎదిగే తీరులోనే పుట్టుకతో వచ్చే తేడా. ఎదుటివాని ముఖం చూసి మనసు పట్టటం, మాటకు మాట కలపటం వీరికి కష్టం. చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేయటం, ఒకే వరుస పాటించటం ఇష్టం. శబ్దం, వెలుతురు, వాసన, తాకిడి మనకంటే ఎక్కువగా గుచ్చుకొంటాయి. కొందరికి మాటలే రావు. కొందరు డిగ్రీలు పూర్తి చేస్తారు. ఈ రెండు కొసల నడుమ ఎన్నో మెట్లున్నాయి. ఊళ్ళల్లో అందరినీ ఒకే గాట కట్టి "మందమతి" అనేస్తారు, అది పొరపాటు. కొందరిలో బుద్ధిమాంద్యం కూడా కలిసి ఉంటుంది గానీ ఆటిజం, బుద్ధిమాంద్యం ఒకటి కావు.

2021 నాటి పరిస్థితిని బట్టి ప్రపంచంలో ప్రతి 127 మందిలో ఒకరికి ఆటిజం ఉన్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ లెక్కన పదివేల జనాభా ఉన్న చోట దాదాపు 80 మంది ఉండాలి. మాడుగులపల్లి మండలంలోని నాలుగైదు పెద్ద ఊళ్ళు కలిపితే పదివేలు సులువుగా దాటుతుంది. మరి ఆ 80 మంది ఏరి? బడిలో కొందరు, అరుగు మీద కొందరు, తలుపు వెనుక కొందరు. పనిలో ఉన్నవాళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టే పాటి కూడా కనిపించరు.

ఆటిజం అన్న పేరుతో వైద్య చరిత్రకెక్కిన మొట్టమొదటి మనిషి ఉద్యోగస్తుడేనన్న సంగతి చాలామందికి తెలియదు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు పదకొండు మంది పిల్లలను గురించి ఒక పత్రం ప్రకటించాడు. అందులో మొదటివాడు మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే చిన్న పట్నం పిల్లవాడు, డోనాల్డ్. తల్లిదండ్రులు అతన్ని చిన్నతనంలో ఒక సంస్థలో ఉంచి, కొంతకాలానికి ఇంటికి తెచ్చుకొన్నారు. తరువాత ఊరికి కొంత దూరంలో ఉన్న ఒక రైతు దంపతుల దగ్గర ఉంచారు. ఆ రైతు ఏ మనస్తత్వ శాస్త్రమూ చదివినవాడు కాదు. ఆయన చేసిన పనిని మాత్రం ఈనాటి శాస్త్రజ్ఞులు కూడా గొప్పగా చెప్పుకొంటారు.

డోనాల్డుకు ప్రతిదీ కొలిచే పిచ్చి. "కొలవకురా" అని రైతు గద్దించలేదు. బావి తవ్వించి, ఎంత లోతు వచ్చిందో నువ్వే చెప్పమన్నాడు. మక్కచేలో సాళ్ళు పదే పదే లెక్కపెడుతుంటే, దున్నుతూ లెక్కపెట్టమని అరక చేతికిచ్చాడు. వాడు లెక్కా పెట్టాడు, చేనూ దున్నాడు. చచ్చిన పిట్టలనూ పురుగులనూ ఏరుకొచ్చి దాచుకొంటుంటే, వాటికి కాస్త జాగా చూపించి అక్కడ పూడ్చి గుర్తులు పెట్టుకోమన్నాడు. ఏ అలవాటును లోకం రోగలక్షణం అన్నదో దానినే ఆయన పనిముట్టుగా మార్చాడు. మా నల్లగొండ జిల్లా రైతులకు ఈ ఉపాయం చెబితే ఇట్టే అర్థమవుతుంది. కాడికి అలవాటుపడని కోడెను కొట్టి లొంగదీసేవాడొకడు, దాని నడకను బట్టి కుడిపక్కనో ఎడమపక్కనో కట్టేవాడొకడు!

డోనాల్డ్ 1958లో డిగ్రీ పూర్తిచేసి, తమ కుటుంబానికి చెందిన బ్యాంకులోనే గుమస్తాగా చేరి పనిచేశాడు. 2023లో 89 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. కానర్ 1971లో ఆ పదకొండు మందీ ఏమయ్యారో మళ్ళీ ఆరా తీశాడు. ఇంకొకడు ఒక ఆఫీసులో కాపీలు తీసే యంత్రం మీద పనిచేస్తున్నాడు, చాలా నమ్మకస్తుడని పై అధికారి మెచ్చుకొన్నాడు. పెద్ద పెద్ద మానసిక ఆస్పత్రులలో వదిలిపెట్టిన పిల్లలు మాత్రం చిన్నప్పుడున్న తెలివిని కూడా పోగొట్టుకొని గోడలకు అతుక్కుపోయారు. అది యావజ్జీవ శిక్షలాంటిదేనని కానరే బాధపడ్డాడు. రోగం పేరు ఒకటే. పెరిగిన చోటు, చుట్టూ ఉన్న మనుషులు వేరు. సొంత బ్యాంకున్న ఇంట పుట్టటం డోనాల్డ్ అదృష్టమనే వారున్నారు, నిజమే, కాదనను. ఆ మాటకొస్తే కుటుంబం ఆదాయం కూడా ఒక ముఖ్య కారణమని ఈనాటి పరిశోధనలు కూడా చెబుతున్నాయి. ఉన్నవాళ్ళ పిల్లలకు పని దొరికే అవకాశం అక్కడా ఎక్కువే, ఇక్కడా ఎక్కువే.

ఈనాటి లెక్కలు చూద్దాం. బ్రిటన్‌లో 2024లో వచ్చిన ప్రభుత్వ సమీక్ష ప్రకారం పని చేసే వయసులో ఉన్న ఆటిజం వారిలో పదిమందికి ముగ్గురే ఉద్యోగంలో ఉన్నారు. వికలాంగులందరినీ కలిపి చూస్తే పదికి అయిదుగురు, ఏ వైకల్యమూ లేనివారిలో పదికి ఎనిమిది మంది. అమెరికాలో జరిగిన పెద్ద సర్వేలో, స్కూలు చదువు ముగిశాక ఇరవైల వయసులో కనీసం ఒక్కసారైనా కూలి పుచ్చుకొని పనిచేసినవారు ఆటిజం వారిలో సుమారు సగం మందే అని 2013లో తేలింది. బుద్ధిమాంద్యం ఉన్నవారు కూడా ఇంతకంటే నయంగా ఉన్నారు. ఇదీ ఆలోచించదగిన విషయం. బుద్ధి ఎక్కువుండి కూడా వీరు వెనుకబడ్డారంటే అడ్డుపడుతున్నది బుద్ధి కాదన్నమాట.

మరేమిటి? నా మట్టుకు నాకు తోచేదేమంటే, వీరిలో ఎక్కువ మంది పని దగ్గర ఓడిపోవటం లేదు, పని గడప దగ్గర ఓడిపోతున్నారు. ఆ గడప పేరు ఇంటర్వ్యూ.

ఇంటర్వ్యూలో మనం దేనిని చూస్తాము? కంట్లో కన్ను పెట్టి మాట్లాడాడా, చిరునవ్వు నవ్వాడా, కుర్చీలో కుదురుగా కూర్చున్నాడా, "మీ గురించి చెప్పండి" అంటే గలగలా చెప్పాడా అని చూస్తాము. లారీలో సంచులు లెక్కపెట్టే ఉద్యోగానికి వీటిలో ఏది అవసరమో నాకైతే తెలియదు. 2017లో అమెరికాలో శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం చేశారు. ఆటిజం ఉన్నవారు మాట్లాడుతున్న కొద్ది క్షణాల వీడియో చూపించి అభిప్రాయం అడిగితే, చూసినవాళ్ళు మొదటి చూపులోనే తక్కువ మార్కులు వేశారు, వీరితో కలవటానికి ఇష్టపడలేదు. అవే మాటలను కాగితం మీద రాసి, మనిషిని చూపకుండా చదివిస్తే ఆ తేడా మాయమైంది! చెప్పిన మాటలో లోపం లేదు. మాట్లాడిన తీరు చూసి మనమే వంక పెడుతున్నాము. పెళ్ళిచూపులకూ ఇంటర్వ్యూకూ పెద్ద తేడా లేదని మన తెలుగు లెక్చరరు గారు హాస్యానికి అంటారు గానీ, అందులో సత్యం చాలా ఉన్నది.

అందుకనే కొన్ని కంపెనీలు ఇంటర్వ్యూ మాని, పనే చేయించి చూసే పద్ధతికి వచ్చాయి. డెన్మార్కులో 2004లో థోర్కిల్ సోనే అనే తండ్రి, తన కొడుకును దృష్టిలో పెట్టుకొని స్పెషలిస్టెర్నె అనే కంపెనీ పెట్టాడు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే పని ఆటిజం ఉన్నవారి చేత చేయించాడు. జర్మనీకి చెందిన శాప్ కంపెనీ ముందుగా మన పొరుగున బెంగుళూరు ఆఫీసులో కొద్దిమందిని తీసుకొని చూసి, 2013లో తన ఇతర దేశాల ఆఫీసులకు కూడా ఆ పథకాన్ని ప్రకటించింది. ఇవి సంతోషించదగిన సంగతులే. అయితే వీటి వల్ల ఒక అపోహ కూడా ప్రబలింది. ఆటిజం ఉన్నవాడంటే కంప్యూటర్ మేధావి అయి తీరాలని! 1988లో వచ్చిన 'రెయిన్ మ్యాన్' సినిమా ఈ అపోహకు చాలా నీళ్ళు పోసింది. అట్టి అద్భుత శక్తులు కొద్దిమందికే ఉంటాయి. మిగిలిన వారికి కావలసింది అందరిలాగానే ఒక మామూలు పని, నెల తిరిగేసరికి ఒక జీతం.

ఆ మామూలు పని సంగతి కూడా పరీక్షించి చూశారు. ప్రాజెక్ట్ సెర్చ్ అనే పద్ధతి 1996లో అమెరికాలో సిన్సినాటి పిల్లల ఆస్పత్రిలో మొదలైంది. స్కూలు ఆఖరి సంవత్సరం పిల్లలు తరగతి గదిలో గాక ఆస్పత్రిలోనే ఏడాది గడుపుతారు. కొన్ని వారాలు ఒక విభాగంలో, కొన్ని వారాలు మరో విభాగంలో నిజమైన పని చేస్తారు: సామాను సర్దటం, మంచాలు సిద్ధం చేయటం, మందుల అరలలో గడువు తేదీలు చూడటం వంటివి. పక్కన నేర్పే మనిషి ఒకరుంటారు, పని పట్టుబడే కొద్దీ మెల్లగా తప్పుకొంటారు. వర్జీనియా రాష్ట్రంలో ఈ పద్ధతిని ఆటిజం పిల్లల మీద పరీక్షించి 2014లో ఫలితాలు ప్రకటించారు. ఈ విధంగా శిక్షణ పొందిన 24 మందిలో 21 మందికి ఉద్యోగం వచ్చింది. మామూలు స్కూలులోనే ఉన్న 16 మందిలో ఒక్కరికే వచ్చింది. చిన్న సంఖ్యలే, ఒప్పుకొంటాను. కానీ ఇరవై ఒకటికీ ఒకటికీ మధ్య ఉన్న తేడాను పిల్లల వైకల్యంతో చెప్పలేము గదా. రెండు గుంపుల్లోనూ ఉన్నది అదే ఆటిజం. బడి వదలక ముందే నిజమైన పని రుచి చూసినవాడు నిలబడతాడు, బడి వదిలి నాలుగేళ్ళు ఇంట్లో కూర్చున్నవాడిని లేపటం కష్టం.

ఇక మన ప్రాంతానికి వద్దాం. మన దగ్గర ఆ నాలుగేళ్ళూ ఎట్లా గడుస్తున్నవి? పద్దెనిమిదేళ్ళ దాకా ఏదో ఒక ఆసరా ఉన్నది. మండలాలలో భవిత కేంద్రాలున్నాయి. 2013లో మొదలైన బాలల ఆరోగ్య పరీక్షల పథకం పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా చూస్తుంది. ఉచిత విద్య హక్కు కూడా వికలాంగులకు 18 దాకా ఉన్నది. ఆ తెల్లవారి నుంచి ఏమీ లేదు. సరిగ్గా మనమంతా కాలేజీలో చేరే వయసులో వాళ్ళు ఇంట్లో చేరుతున్నారు. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో స్థాపించిన జాతీయ సంస్థ ఉన్నది. వెనుక దానిని ఎన్.ఐ.ఎం.హెచ్. అనేవారు, ఇప్పుడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అంటున్నారు. అక్కడ వృత్తి శిక్షణ కూడా ఉన్నది. కానీ మాడుగులపల్లి నుంచి అక్కడికి పోయి రావాలంటే కూలిపని మానుకొని ఒక దినం పోగొట్టుకోవాలి. ఒక దినంతో తీరేది శిక్షణ ఎట్లా అవుతుంది?

మరి పనులు లేవా అంటే, దండిగా ఉన్నవి. సాగర్ ఎడమ కాలువ నీళ్ళొచ్చిన తరువాత మిర్యాలగూడ చుట్టూ బియ్యం మిల్లులు పుట్టగొడుగుల్లా లేచాయి. ఆసియాలోనే ఇన్ని మిల్లులు ఒక్కచోట ఉన్న ఊళ్ళు తక్కువ. సూర్యాపేట మార్కెట్ యార్డు ఉన్నది, కోదాడ, హుజూర్‌నగర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నవి. వీటిలో నూటికి తొంభై పనులు ఆటిజం ఉన్న కుర్రవాడికి పనికిరావని నేనే చెబుతాను. బాయిలర్ దగ్గర వేడి, సార్టెక్స్ యంత్రం హోరు, ఊక దుమ్ము, హమాలీల కేకలు – మామూలు మనిషికే చెవులు చిల్లులు పడతాయి, శబ్దమే శత్రువైన వానికి అది నరకం. అయితే మిగిలిన పది పనులున్నాయి చూశారూ, అవి వీరి కోసమే పుట్టినట్లుంటాయి. కాంటా దగ్గర లారీ నంబరు, బరువు రాసుకోవటం. ధాన్యంలో తేమ చూసే మీటరులో అంకె చదివి రిజిస్టరులో ఎక్కించటం. గన్నీ సంచుల కట్టలు లెక్కపెట్టటం. టోకెన్లను వరుస తప్పకుండా పిలవటం. వీటిలో నేర్పు కంటే నిజాయితీ ముఖ్యం. తేమ 17 శాతం దాటితే దాటిందని రాయాలి, దాటకపోతే దాటలేదని రాయాలి. మొహమాటానికో, చాయకో, బంధుత్వానికో అంకె మార్చని మనిషి కావాలి. అట్టి మనిషి ఎక్కడ దొరుకుతాడని రైతులు అడుగుతుంటారు. దొరుకుతాడు, ఇంట్లోనే కూర్చొని ఉన్నాడు!

మా చిన్నాయిన కొడుకు ఒకడున్నాడు. వాని పేరు ఇక్కడ అనవసరం. ఇరవై మూడేళ్ళు, పది దాకా చదివాడు. నల్లగొండ, మిర్యాలగూడ నడుమ తిరిగే బస్సుల వేళలన్నీ నోటికి వస్తాయి, బస్సు లేటయితే అన్నం ముట్టడు. రెండేళ్ళ కింద ఒక జిరాక్సు దుకాణంలో పెట్టారు. నాలుగు రోజులు కూడా ఉండలేదు. యజమాని చెడ్డవాడేమీ కాదు. "జర దుకాణం చూస్తుండు, ఇప్పుడే వస్త" అని చెప్పి చాయకు పోయాడట. గిరాకీ వచ్చి కాగితాలు ముందు పెట్టి అరిచినా వీడు కదలలేదు. చూడమన్నాడు గనుక దుకాణాన్ని చూస్తూ నిలబడ్డాడు. "అటు ఇటు సర్దు" అంటే ఎటు ఎంత అని వీడడుగుతాడు. "రేపు మాపు రా" అంటే రేపూ వస్తాడు, సాయంత్రమూ వస్తాడు. మన భాషలో సగం ఆజ్ఞలు గాలిలో ఉంటాయి, వినేవాడు పట్టుకోవాలి. వీళ్ళు గాలిలో ఉన్న మాటను పట్టుకోలేరు, నేల మీద ఉన్న మాటను వదలిపెట్టరు. అంతే తేడా.

తరువాత యాసంగిలో మా దగ్గరి ఒక ధాన్యం కొనుగోలు కేంద్రంలో వాణ్ణి కూర్చోబెట్టారు. మహిళా సంఘంలో మా వదిన పనిచేస్తుంది గనుక అది సాధ్యపడింది. ఆమె చేసిన ఏర్పాటు చాలా చిన్నది. వేపచెట్టు కింద, డీజిలింజన్లకు దూరంగా ఒక బల్ల. పని మొత్తం అట్ట ముక్క మీద ఆరు వరుసల్లో రాసి బల్లకు అంటించింది: టోకెన్ నంబరు అడుగు, రైతు పేరు రాయి, మీటరు అంకె రాయి, సంచులు రాయి, సంతకం తీసుకో, తరువాతి నంబరు పిలువు. సందేహం వస్తే ఎవరిని బడితే వారిని గాక తననే అడగమన్నది. ఒంటిగంటకు అన్నం, ఎంత రద్దీ ఉన్నా ఆ ఒంటిగంట మారదు. మొదటి వారం రైతులు విసుక్కున్నారు, "ఈ పోరడు మొఖం దిక్కు చూడడేంది?" అన్నారు. రెండో వారంలో, "ఆ పిలగాడు రాసిండా? అయితే సరే" అనటం మొదలుపెట్టారు. ఒకనాడు ఊరి పెద్దమనిషి ఒకాయన తన ట్రాక్టరు ముందు కాంటా వేయమంటే, "మీది 41, ఇప్పుడు 28" అని చెప్పి తలెత్తకుండా 29ని పిలిచాడట. ఆ మాట మా ఊళ్ళో చాలా రోజులు చెప్పుకొని నవ్వుకొన్నారు. ఇరవై తొమ్మిదో నంబరు రైతు మాత్రం నవ్వలేదు, దండం పెట్టాడు.

ఇక్కడ ఒక చేదు ముచ్చట కూడా చెప్పాలి. ఆ మొదటి సీజనంతా వానికి పైసా ఇవ్వలేదు. "ఇంటి పిల్లగాడే గదా, పొద్దు పోతున్నది గదా" అన్నారు. మా పిన్నమ్మ కూడా అదే పదివేలనుకొన్నది. ఇట్లా పొద్దు పోవటం కోసమని, అన్నం పెడుతున్నామని, కొట్టులో, పశువుల కొట్టంలో, హోటల్లో ఏళ్ళ తరబడి వట్టి చాకిరీ చేసేవాళ్ళు మన ఊళ్ళల్లో ఎంతమందో! జీతం లేనిదాన్ని ఉద్యోగమంటే నేను ఒప్పుకోను. రెండో సీజనుకు మా పిన్నమ్మే పోయి గట్టిగా అడిగింది. రోజుకు 300 రూపాయలు కుదిరింది. మొదటి డబ్బుతో వాడు కొనుక్కున్నది ఒక గోడ గడియారం. బస్సులు చూసుకోవటానికట.

చట్టం ఏమంటున్నదో కూడా విద్యార్థులకు తెలియాలి. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఆటిజం లేదు. 1999లో నేషనల్ ట్రస్టు చట్టంలో ఆటిజం పేరు మొదటిసారి వచ్చింది గానీ అందులో ఉద్యోగాల రిజర్వేషన్ లేదు. మాడుగులపల్లి మండలం ఏర్పడిన 2016వ సంవత్సరంలోనే కొత్త వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. 21 వైకల్యాలను గుర్తించి, ప్రభుత్వోద్యోగాలలో రిజర్వేషన్ 3 నుంచి 4 శాతానికి పెంచింది. చూపు, వినికిడి, అవయవ వైకల్యాలకు తలా ఒక శాతం. నాలుగో శాతాన్ని ఆటిజం, బుద్ధిమాంద్యం, అభ్యసన వైకల్యం, మానసిక రోగం ఉన్నవారూ, ఒకటికంటే ఎక్కువ వైకల్యాలున్నవారూ కలిసి పంచుకోవాలి. ఒక రొట్టె, అయిదు చేతులు. 2021 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఏ పోస్టులకు ఎవరు తగుదురో పెద్ద జాబితా ప్రకటించింది. అందులో ఆటిజం పేరున్న చోట చాలావరకు "స్వల్ప స్థాయి" అన్న షరతు కనిపిస్తుంది. రిజర్వేషన్ కావాలంటే 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నట్లు కాగితం ఉండాలి; పోస్టు కావాలంటే ఆటిజం స్వల్పంగానే ఉండాలి. ఈ రెంటి నడుమ ఉన్న సందు ఇరుకైనదని చెప్పక తప్పదు.

ఆ కాగితం కథ మరొకటి. సికింద్రాబాదు సంస్థలోనే తయారైన 40 ప్రశ్నల కొలబద్ద ఒకటి ఉన్నది, ఐసా అంటారు. అందులో 70 మార్కులు వస్తే ఆటిజం ఉన్నట్లు, 107 నుంచి మధ్యస్థం, 153 దాటితే తీవ్రం. ఆటిజానికి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతిని ప్రభుత్వం ఖరారు చేసిందే 2016లో. అంటే 2000లో పుట్టినవాడికి అప్పటికే పదహారేళ్ళు! అంతకు ముందు వానికి దొరికింది "బుద్ధిమాంద్యం" కాగితమో, లేక ఏ కాగితమూ లేకపోవటమో. ఈనాడు ఉద్యోగాల వయసులో ఉన్నవారిలో ఎక్కువమంది పరిస్థితి ఇదే. నల్లగొండ, సూర్యాపేటలలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నవి గనుక పాత కాగితం సరిచేయించుకోవటానికి హైదరాబాదే పోనక్కరలేదు. అక్కడి మానసిక వైద్య విభాగంలో అడగవచ్చు.

కుటుంబాల భయాలు కూడా కొన్ని ఉన్నవి. పనిలో చేరితే పింఛను ఎగిరిపోతుందేమోనన్నది మొదటిది. 2023 జూలైలో మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను 4,016 రూపాయలకు పెంచారు. పల్లెటూరి ఇంట్లో నెలనెలా వచ్చే ఆ సొమ్మును, ఉంటుందో ఊడుతుందో తెలియని పని కోసం ఎవరు పణంగా పెడతారు? రెండోది అక్కచెల్లెళ్ళ సంబంధాలు. నలుగురిలోకి వస్తే నలుగురికీ తెలుస్తుందని దాచిపెడతారు. ఆడపిల్లయితే దాపరికం రెట్టింపు. బస్సెక్కించటానికే గుండెలు చాలవు. నిజానికి ఆడపిల్లల్లో ఆటిజం ఉన్నట్లు గుర్తించటం కూడా తక్కువే. "సిగ్గరి పిల్ల, మాట్లాడదు" అని మెచ్చుకొని ఊరుకుంటారు. ప్రయాణం సంగతీ చిన్నది కాదు. పని మిర్యాలగూడలో, ఇల్లు మాడుగులపల్లి పక్క ఊళ్ళో అయితే, నిండు బస్సులో తాకిడికి తట్టుకొని రోజూ పోయి రావటమే సగం ఉద్యోగం. అందుకే పని ఇంటి దగ్గర ఉంటే నిలుస్తుంది, దూరమైతే మంచి పని కూడా జారిపోతుంది.

మన కాలేజీ సంగతి చెప్పకుండా ఈ వ్యాసం ముగిస్తే న్యాయం కాదు. అదే 2016 చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలలో 5 శాతం సీట్లు వికలాంగులకు కేటాయించమంటున్నది, గరిష్ఠ వయసులో అయిదేళ్ళ సడలింపు కూడా ఇచ్చింది. 2018 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం రాత పరీక్షలో గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం అడగవచ్చు. ఈ సంగతులు ప్రాస్పెక్టసులో ఒక మూల చిన్న అక్షరాలలో గాక, ప్రవేశాల వేళ నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాస్తే, ఇంటర్ పాసై ఇంట్లో కూర్చున్న ఒకరో ఇద్దరో వస్తారు. వచ్చినవానికి రెండు పనులు చేసి పెట్టగల మిత్రులు కావాలి. టైం టేబులు మారితే ముందు రోజే చెప్పేవాడు ఒకడు, ఫీజు కౌంటరు తోపులాటలో పక్కన నిలబడేవాడు ఒకడు. విద్యార్థి సంఘం ఇందుకు నిధులు సేకరించనక్కరలేదు. లైబ్రరీలో పుస్తకాలు నంబర్ల వరుసలో సర్దే పనికి సెలవుల్లో ఒకరిని కూలి ఇచ్చి పెట్టుకొంటే, ఆ ప్రాజెక్ట్ సెర్చ్ మన దగ్గరే మొదలైనట్లు. మన లైబ్రరీ అరలు చూసినవారెవరూ ఆ పని అవసరం లేదని అనలేరు.

మా తమ్ముని విషయానికి వస్తే, కొనుగోలు కేంద్రాలు ఏడాదికి రెండుసార్లే తెరుస్తారు, వానాకాలం పంటకూ యాసంగికీ. రెండూ కలిపినా కొద్ది నెలలు కూడా నిండవు. మిగిలిన రోజులకు పని ఇంకా కుదరలేదు. వేములపల్లి దిక్కున ఒక మిల్లులో గోదాము స్టాకు రాసే మనిషి కావాలన్నారని మా వదిన చెప్పింది. గోదాము మిల్లుకు వెనుక ఉన్నది, హోరు అంతగా వినబడదట. బస్సు ఉదయం 8 గంటల 10 నిమిషాలకు ఉన్నదని వాడు అప్పుడే చెప్పాడు. సేటును కలిసి, ఇంటర్వ్యూ ఏమీ వద్దు, వారం రోజులు రాయించి చూడండి అని అడగటానికి మా పిన్నమ్మ ఈ సోమవారం పోతున్నది.